వండినోళ్ళు తిన్నంక

సదానందంకు ఉన్నది ఒక్కటే జబ్బు. వండినోళ్ళు తన కండ్ల ముంగట ఒక్క ముద్దన్న తినందే తను ముద్ద ముట్టడు. వెండి పళ్ళెంల పెట్టు, ఇస్తారిల పెట్టు, "ఎవరు వండిన్రు? జర పిలువున్రి" అంటడు. వండినోళ్ళు వచ్చినంక, "ఏం కలిపినవో ఏమో, ముందుగాల నువ్వు తిను" అంటడు. వాళ్ళు తినేదాంక చేతులు కట్టుకొని కూసుంటడు. మిగిలిన గుణాలన్నీ మంచియే. ముప్ఫై మూడేండ్లు ఆర్టీసీ బస్సుల కండక్టర్ చేసి, చిల్లర కాడ గూడ ఎవ్వనితోని లొల్లి పెట్టుకోలే. తిండి కాడికి వచ్చేసరికే మనిషి మారిపోతడు.

పెండ్లైన కొత్తల అత్తగారింటికి పోతె ఏమైందో ఇప్పటికీ చెప్పుకుంటరు. కొత్త అల్లుడని అత్త కోడిని కోసి, గారెలు చేసి, పీట వేసి కూసోపెట్టింది. ఈయన పళ్ళెం అత్త దిక్కు జరిపి, "ముందుగాల నువ్వు తిను అత్తా" అన్నడు. అల్లునికంటె ముందు అత్త తినుడు ఆ వాడల ఎన్నడు లేదు. మామ కండ్లెర్ర జేసిండు. "ఏందయ్యా, మేం మందు పెట్టినమనుకుంటున్నవా?" అన్నడు. "ఏమో మామా, నాకేమెర్క" అన్నడు సదానందం, మొఖం మీద నవ్వనేది లేకుంట. అత్త పండ్లు పటపట కొరికి, దర్వాజ కాడ నిలవడి రెండు గారెలు, ఒక తొడ ముక్క తిని, "సచ్చిన్నా? సావలే గద? ఇగ మింగు" అన్నది. అల్లుడు నిమ్మలంగ తిన్నడు. ఆమె బిడ్డ కోమలకు ముప్ఫై ఏండ్లసంది ఇదే కథ. రోజూ మొగని ముంగట ముందు తినాలె, తిన్నంక తిట్టాలె.

పెండ్లిళ్ళల ఇంక ఘోరం. ఒకసారి బంతిల నూట యాభై మంది కూసున్నరు, ఇస్తార్లల అన్నం పడ్డది, పొగలు లేస్తున్నయి. సదానందం లేచి పొయ్యిల కాడికి పోయి, మసితోని చెమటతోని నిండిన వంట మేస్త్రీని చేయి పట్టుకొని తీసుకొచ్చి, తన జాగల కూసోపెట్టిండు. "తిను. నువ్వు తింటెనే నేను తింట." పిల్ల తండ్రి ఉరికొచ్చిండు. బంతి మొత్తం చేతులాపి చూస్తున్నది. మేస్త్రీ సిగ్గుకు సగం, కోపానికి సగం, కడుపు నిండ తిని లేచిండు. ఆ తర్వాత ఆ చుట్టాలు సదానందంకు పెండ్లి పత్రిక ఇచ్చుడు బంద్ చేసిన్రు. ఇయ్యకున్న పోతడు, అది వేరే సంగతి.

ఎందుకట్ల అని అడిగితె రోజుకొక కారణం చెప్తడు. ఒకనాడు, "పప్పుల బల్లి పడ్డదేమో" అంటడు. ఇంకొకనాడు, "ఎనుకట ఒకామె మొగనికి పసరు పెట్టిందట" అంటడు. కరీంనగర్ బస్టాండ్ కాడ చాయ్ పోసే రాయమల్లు, "కాకా, చాయ్ల బల్లి పడితె నీకు కనవడదా?" అని అడిగిండు. "బల్లి చిన్నదైతె?" అన్నడు సదానందం. రాయమల్లు సగం గ్లాసు తాగి మిగిలిన సగం ఆయనకిచ్చిండు. "బన్ను గూడ" అన్నడు సదానందం.

ఇసొంటి మనిషి చేతికి చిక్కింది మమతారాణి.

మమతారాణిది మగ్గం ఇల్లు. బాపు హనుమండ్లు సిరిసిల్లల మరమగ్గాల మీద పని చేస్తడు. పిల్లను ఇంజినీరింగ్ చదివిచ్చిండు. ఆమె హైదరాబాద్ల రెండేండ్లు ఒక యాప్‌ల కంపెనీల చేసింది. అక్కడ ఒకనాడు ఫోన్ల, ఇంటి కాడ బియ్యప్పిండితోని కాల్చే సర్వపిండి కనవడితె, ప్రాణం లేచొచ్చి ఆర్డర్ పెట్టింది. డబ్బా తెరిస్తె పైన చీజ్ ఉన్నది, పక్కకు టమాట సాస్ పొట్లం ఉన్నది. ఆ పూట ఏడ్పొచ్చినంత పనైంది. "మనోళ్ళు చేసే అసలు తిండి ఎక్కడ దొరుకుతదో చెప్పే యాప్ నేనే చేస్త" అని నౌకరి ఇడిసిపెట్టి కరీంనగర్‌కు వచ్చింది. యాప్‌కు 'గంటె' అని పేరు పెట్టింది. హనుమండ్లు బిడ్డ మొఖం చూసి, "ఒక్క ఏడాది టైమిస్తున్న బిడ్డా. అప్పటికీ కాకపోతె గ్రానైట్ ఆఫీసుల కంప్యూటర్ మీద కూసునే పని ఉన్నది, నేను మాట్లాడి పెట్టిన" అన్నడు. ఏడాదిల పది నెలలు అయిపోయినయి. యాప్ల బొమ్మలు మంచిగున్నయి, రంగులు మంచిగున్నయి. లేనిది తిండే. ఏ ఊర్ల ఏ అవ్వ ఏం వండుతదో ఏ నెట్‌ల దొరుకుతది?

"తిండి సంగతి సదానందంను అడుగు బిడ్డా" అన్నడు ఆయనతోని బస్సు నడిపిన డ్రైవర్ అంతయ్య. "హుస్నాబాద్ నుంచి లక్సెట్టిపేట దాంక బస్సాగిన ప్రతి జాగల తిన్నోడు. కానీ జర పైలం. ఆయనతోని పోతె నీ ముద్ద నీ నోట్లెకు పోయేసరికి చల్లారిపోతది."

సదానందం ఫోన్ తీసుకొని 'గంటె'ను పైకి కిందికి జరిపి చూసిండు. కంచంల గుడాలు, గిన్నెల బోటి కూర, ఆకుల మక్క గారెలు, అన్నీ చూసిండు. "మంచిగున్నది బిడ్డా. గివన్నీ వాటంతట అవే ఉడికినయా?" అన్నడు.

"అంటె?"

"ఒక్క మనిషి కనవడ్తలేడు. పొయ్యి కాడ ఎవ్వరు లేరా?"

మమతారాణి నవ్వి, "అది తర్వాత పెడ్త కాకా. ముందుగాల అసలుదేదో నకిలీదేదో కనిపెట్టుడే నా పరేషాన్" అన్నది. "గదెంత పని" అన్నడు సదానందం. "వండినోళ్ళు తినేది అసలు. వండినోళ్ళు తిననిది నకిలీ." ఇంత తేలిక పరీక్ష ఇంకోటి లేదనిపించింది ఆమెకు. అన్నీ చదివిన ఇంజినీర్లకు తట్టనిది ఈ కండక్టర్‌కు ఎట్ల తట్టిందని మురిసిపోయింది. ఆ పొద్దే యాప్ల 'వండినోళ్ళు తిన్నది' అని ఒక పచ్చ గుర్తు తయారు చేసింది.

పరీక్ష మొదటి వారంల్నే పని చేసింది. పెద్ద రోడ్డు మీద ఒక హోటల్, గేటుకు ఎడ్లబండి చక్రం, లోపల కట్టెల పొయ్యి బొమ్మ, 'అమ్మమ్మ చేతి వంట' అని బోర్డు. సదానందం వంటాయనను పిలిపిచ్చి, "తిను" అన్నడు. ఆయన భయపడ్డడు. "నేను గిది తిన సార్. నాకు పడదు. ఇంటికెల్లి డబ్బా తెచ్చుకున్న." మమతారాణి ఆ హోటల్ పేరు కొట్టేసి లేచింది. సదానందం లేవలే. "డబ్బా ఎప్పుడు తింటవ్?" అని అడిగిండు. "మూడింటికి, నాలుగింటికి." "నాకు నీ డబ్బా మీద గూడ అనుమానమున్నది. తెచ్చి నా ముంగట తిను" అన్నడు. ఆ వంటాయన అదేం పరీక్షనో తెల్వక, వణుక్కుంట డబ్బా మొత్తం తిన్నడు. బయటికొచ్చినంక మమతారాణి, "డబ్బాతోని మనకేం పని కాకా?" అంటె, "ఉంటది తియ్" అన్నడు.

గిట్ల రెండు నెలలల నలభై ఆరు జాగలు దొరికినయి. జాగలతోని పాటు తిట్లు గూడ దొరికినయి. జొన్న రొట్టెలు చేసే ముత్తయ్య, "నా పేరు తీసెయ్యి. ముప్ఫై ఏండ్లల నన్ను శక్ చేసినోడు లేడు" అని ఫోన్ చేసిండు. ఇంకిద్దరు గూడ అదే మాట అన్నరు. 'గంటె' అంటె అనుమానపు యాప్ అని పేరు పడ్డది. మమతారాణికి నిద్ర పడ్తలేదు. ఎందుకంటె బాపు ఇచ్చిన గడువుకు ఇంక వారమే ఉన్నది. కరీంనగర్ల కొత్త కంపెనీలకు ఆసరా ఇచ్చే ఒక సంస్థ ఉన్నది. వాళ్ళు ఒప్పుకుంటె ఏడాది పాటు ఆఫీసు గది, ఇద్దరు పనోళ్ళు, ఖర్చులు. ఒప్పుకోకపోతె గ్రానైట్ ఆఫీసు. వాళ్ళ పెద్ద ఓంప్రకాశ్, రైస్ మిల్లుల ఓనర్, "బొమ్మలు చాలు బిడ్డా. నీ యాప్ల ఉన్న ఒక్క జాగల మాకు భోజనం పెట్టియ్యి. అక్కడ్నే తేలుస్తం" అన్నడు.

మమతారాణి లక్సెట్టిపేట ఐలవ్వ ఇల్లు ఎంచుకున్నది. ఐలవ్వకు డెబ్బై దగ్గర. ఇంటి ముంగట రేకుల కింద పది మందికి పెడ్తది. ఆమె సర్వపిండి తిన్నోడు ఇంకోటి తినబుద్ధి కాదంటడు. సదానందంకు ఆమెకు ఇరవై ఏండ్ల కొట్లాట. ఆయన వచ్చుడు, "ముందు నువ్వు తిను" అనుడు, ఆమె గంటె ఎత్తుడు, తిట్టుకుంట తినుడు. ఇది సార్ల ముంగట జరిగితె ఇంకేమన్న ఉన్నదా? మమతారాణి ముందు రోజే పోయి ఆయన ముంగట చేతులు జోడించింది.

"కాకా, నా బతుకు రేపటి మీదున్నది. సార్లు తిని పోయేదాంక ఆ ఒక్క మాట అనకు."

సదానందం గోడ మీది గడియారం దిక్కు చూసిండు. "ఎన్ని గంటలకొస్తరు?"

"పన్నెండింటికి."

"పన్నెండంటె పన్నెండేనా?"

"పన్నెండే కాకా."

"సరే బిడ్డా. అన" అన్నడు. అన్నంక గూడ మొఖం తేలిక పడలే. ఇంత చిన్న మాటకు ఈయనకింత బరువేందా అనుకున్నది మమతారాణి.

తెల్లారి పన్నెండైంది, సార్లు రాలే. ఒంటిగంటైంది, రాలే. దారిల ఇంకేదో మీటింగ్ అని ఫోనొచ్చింది. ఐలవ్వ కోడి కూయకముందు లేచింది. పిండి కలిపింది, పల్లీలు, నువ్వులు, ఎల్లిపాయ వేసి సర్వ గిన్నెకు ఒత్తి కాల్చింది. పచ్చిపులుసు చేసింది, కోడి కూర వండింది, ఇల్లలికి ముగ్గు వేసింది. సదానందం అయితె కాలు నిలవక రేకుల కింద అటు పదిసార్లు, ఇటు పదిసార్లు తిరిగిండు. "ఐలవ్వా" అంటడు, నాలుక కరుచుకుంటడు. "ఎవరికన్న ఆకలైతున్నదా?" అంటడు. "నీకైతె కూసో, పెడ్త" అంటది ఐలవ్వ. "నాకు గాదు" అని మళ్ళ లేస్తడు. ఒక సర్వపిండి ముక్క తుంచి ఆమె చెయ్యి పక్కకు పెట్టిండు. ఆమె అది మళ్ళ గంపల వేసి, "సార్లకు తక్కువైతయి, ముట్టకు" అన్నది. మమతారాణి ఆయన దిక్కు కండ్లురిమి చూసింది. ఆయన తువ్వాల కొస నోట్లె కుక్కుకున్నడు.

రెండింటికి సార్లు ముగ్గురు వచ్చిన్రు. ఆకలితోని వచ్చిన్రు, కూసున్నరు. ఐలవ్వ వడ్డిచ్చుడు మొదలువెట్టింది. గంటె గిన్నె అంచుకు టకటక కొట్టుకుంటున్నది. పచ్చిపులుసు పోస్తుంటె సగం ఓంప్రకాశ్ తెల్లంగి మీద పడ్డది. "ఫికర్ లేదవ్వా" అన్నడు గానీ మొఖం మాడింది. పెద్దోళ్ళొచ్చిన్రని అవ్వ భయపడుతున్నదనుకున్నది మమతారాణి. అప్పుడు చూసింది, ఐలవ్వ నొసలంత చెమట, పెదవులు తెల్లగ పాలిపోయినయి, గుంజను పట్టుకొని నిలవడ్డది. సదానందం దిక్కు చూస్తె, తువ్వాల నోట్ల అట్లనే ఉన్నది, కండ్లల నీళ్ళు తిరుగుతున్నయి.

మమతారాణి ఆయన దగ్గరికి పోయి, "ఏంది కాకా?" అన్నది మెల్లగ.

ఆయన తువ్వాల తీసి, "మాటిస్తి గద బిడ్డా" అన్నడు. "ఏడింటికి షుగర్ గోలి వేసుకున్నది. చాయ్ తప్ప ఏం తినలే. నేనొచ్చిన నాడు నేను, రాని నాడు పక్కింటోళ్ళు పదకొండింటికే కొట్లాడి తినిపిస్తం. ఇయ్యాల నా నోరు కట్టేస్తివి."

 మమతారాణి ఐలవ్వ కాడికి ఉరికి చేయి పట్టుకున్నది. చేయి చల్లగున్నది. "అవ్వా, జర ఒక ముద్ద తిను."

"అగో, సార్లు తిననీ బిడ్డా."

"నీ పాణం మంచిగ లేదు. ఒక్క ముక్క."

"నాదేమున్నది. ఇంటికొచ్చినోళ్ళు తింటె నేను తిన్నట్టే. పో, సార్లకు నీళ్ళు పెట్టు."

ఇంకోసారి బతిమిలాడింది. ఐలవ్వ నవ్వి తల మీద చెయ్యి పెట్టి, పక్కకు జరిపింది. అప్పుడు మమతారాణికి రెండు నెలలల చూసిన వండినోళ్ళందరు ఒక్కసారే యాదికొచ్చిన్రు. రొట్టె కోపంతోని కొరికిన ముత్తయ్య, డబ్బా వణుక్కుంట తిన్న హోటలాయన. బతిమిలాడితె ఒక్కరు గూడ తినకపోదురు. ఆమె సార్ల దిక్కు చూసింది. ఓంప్రకాశ్ ముక్క తుంచి నోటి కాడికి తెస్తున్నడు. ఏడాది కష్టం, బాపు మొఖం, గ్రానైట్ ఆఫీసు కుర్చీ, అన్నీ ఆ ముక్క మీద్నే ఉన్నయి.

"ఆగున్రి సార్" అన్నది గట్టిగ. "ఎవరు ముట్టొద్దు. అవ్వా, గీ పిండి ఎప్పటిది? నాకు అనుమానంగ ఉన్నది. నువ్వు తింటెనే సార్లు తింటరు."

 ఐలవ్వ మొఖం ముందు తెల్లబోయింది, ఆనక ఎర్రబడ్డది. "గంతేనా బిడ్డా? నువ్వు గూడ గంతేనా? కోడి కూయకముందు లేచి చేసిన గద. పాసిపోయిందంటవా నా పిండిని?" అనుకుంట కూలవడి కూసున్నది, గంపల చెయ్యి పెట్టింది, సర్వపిండి తీసింది. "ఇగో చూడు. ఇగో." సగం తిన్నది. "చూస్తున్నవా? ఇగో." పూర్తిగ తిన్నది. సదానందం పచ్చిపులుసు గిన్నె ముంగటికి జరిపిండు. "ఇది గూడ శక్ ఉన్నది" అన్నడు. ఆయనకు నోరిప్పేతందుకు తొవ్వ దొరికింది. ఆమె గిన్నె ఎత్తి తాగి, "నీ నోట్ల మన్ను పడ" అన్నది. ఆమె తిట్టు మళ్ళ గట్టిగ వచ్చేసరికి మమతారాణికి ఊపిరొచ్చింది.

ఓంప్రకాశ్ లేచి, చేయి కడుక్కోకుంటనే మమతారాణిని బయటికి పిలిచిండు. "ఏందమ్మా ఇది? ముసలామెను ఇంటికొచ్చి అవమానం చేస్తరా? గీ యాప్‌కేనా మేం సాయం చెయ్యాలె?"

 సదానందం ముంగటికొచ్చిండు. "తప్పు పిల్లది గాదు సార్, నాది. తినమంటె ఎవ్వరు తినరు సార్. ముప్ఫై మూడేండ్లు బస్సాగిన ప్రతి హోటల్ల చూసిన. వంద మందికి పెడ్తరు, వాళ్ళకు నాలుగింటికి గిన్నెల అడుగున మిగిలింది. తినున్రి అంటె, మాదేమున్నది మీరు తినున్రి అంటరు. ఒక్కసారి ఒకామెను బతిమిలాడి బతిమిలాడి యాష్టకొచ్చి, ఇందుల ఏం కలిపినవని అన్న. గుస్సతోని రెండు రొట్టెలు తిన్నది. గప్పుడు ఎర్కైంది నాకు. ప్రేమతోని పెడితె తినరు, అనుమానపడితె తింటరు. గిదే పట్టుకున్న."

"మరి అందరు నిన్ను శక్కోడనరా" అన్నడు ఓంప్రకాశ్.

"అననీ సార్. గుస్సల తిన్నా కడుపుల పడ్తది గద."

మమతారాణి కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. పచ్చ గుర్తు పెట్టి, అసలు నకిలీ అని రెండు నెలలు లెక్కలు వేసుకున్నందుకు ఆమెకు సిగ్గైంది, ఈ మనిషి పక్కన నిలవడ్డందుకు గర్వమైంది. ఓంప్రకాశ్ తన అంగి మీది పచ్చిపులుసు మరకను చూసుకున్నడు. లోపలికి పోయి, తన జాగల కూసొని, ముంగటి పళ్ళెం ఐలవ్వ దిక్కు జరిపిండు.

"అవ్వా, ఏమనుకోకు. నాకింక అనుమానం పోలే. కోడి కూర గూడ తిని చూపియ్యి."

ఐలవ్వ నెత్తి కొట్టుకున్నది. "ఓ దేవుడా, చదువుకున్నోళ్ళకు గూడ గీ రోగం అంటిందా" అన్నది. కూర కలుపుకొని నాలుగు ముద్దలు తిన్నది. ఆమె తింటున్నంత సేపు ముగ్గురు సార్లు చేతులు కట్టుకొని కూసున్నరు. ఒకాయన కడుపు గుర్రుమన్నది, అందరికి వినవడ్డది, ఎవ్వరు నవ్వలే. ఆమె చేయి కడుక్కున్నంకనే వాళ్ళు తినుడు మొదలువెట్టిన్రు. ఎంత తిన్నరో చెప్పుడెందుకు, గంపల ముక్క మిగలలే.

గడువుకు ఒక్క రోజు ముందుగాల సంస్థ నుంచి కాగితం వచ్చింది. మమతారాణికి గది దొరికింది. హనుమండ్లుకు ఫోన్ చేసి, "బాపూ, గ్రానైట్ ఆఫీసోళ్ళకు వేరే ఎవర్నన్న చూసుకోమని చెప్పు" అన్నది. ఆయన మగ్గం చప్పుడుల సరిగ వినవడక మూడుసార్లు చెప్పిచ్చుకున్నడు. మూడోసారికి వినవడ్డదో, మొదటిసారికే వినవడి మళ్ళ మళ్ళ చెప్పిచ్చుకున్నడో, ఆయనకే ఎర్క.

ఇప్పుడు 'గంటె'ల తిండి బొమ్మ పక్కకు వండినోళ్ళ ఫోటో ఉంటది. ఫోటో కింద ఒక్క ముక్క ఉంటది: 'ముందుగాల వీళ్ళను తినమనున్రి. తినకపోతె అనుమానపడున్రి.' ఎందుకో ఏమిటో రాయలే. రాస్తె వండినోళ్ళకు తెలిసిపోతది, మళ్ళ తినరు. 'గంటె'కు అనుమానపు యాప్ అన్న పేరు అట్లనే ఉన్నది. సదానందం ఆ పేరు విన్నప్పుడల్ల మీసం సవరించుకుంటడు.

మొన్న హుస్నాబాద్ నుంచి మక్క గారెలు చేసే వెంకటి ఫోన్ చేసిండు. మంచి గరం మీదున్నడు. "అక్కా, ఏం యాప్ చేసినవ్? పొద్దటిసంది పదిహేడు మంది వచ్చిన్రు. ఒక్కొక్కడు నన్ను ఒక గారె తినమన్నడు. పదిహేడు గారెలు తిన్న. నేను గారెలు అమ్ముకోవాల్నా, తిని పండుకోవాల్నా?"

సదానందం పక్కన్నే ఉన్నడు. ఫోన్ గుంజుకొని, "వెంకటీ, గారెలేనా? అన్నం తిన్నవా లేదా?" అని అడిగిండు.

 వెంకటి మెత్తబడి, "ఇంక లేదు కాకా" అన్నడు.

"అయితె ఉండు, నేనే వస్తున్న" అని సదానందం చెప్పులేసుకొని బస్టాండ్ దిక్కు నడిచిండు.